పాడేరు ఎత్తులకి సైకిల్ గేరు 32-36 చాలట్లేదు, వెనక పెద్ద క్యాసెట్ పడుతుందా?

కాఫీతోట_మాస్టారు:

అందరికీ నమస్కారం. పాడేరులో బడిపంతుల్ని. వయసు 47, బరువు 82 కిలోలు. రెండేళ్ళ కిందట విశాఖలో సెకండ్‌హ్యాండ్‌లో 29 అంగుళాల హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండే) సైకిల్ ఒకటి కొన్నాను. ముందు పెడల్ దగ్గర ఒకటే చైన్‌రింగ్ (పళ్ళచక్రం), 32 పళ్ళు. వెనక 9 స్పీడు క్యాసెట్ (తొమ్మిది పళ్ళచక్రాల గుత్తి), 11-36, అంటే చిన్నదానికి 11 పళ్ళు, పెద్దదానికి 36. తారురోడ్డు మీద దానికి వంక పెట్టడానికేమీ లేదు.

గొడవంతా వంజంగి కొండ దారిలో. ఆదివారం తెల్లవారుజామున బయల్దేరితే, మబ్బులు చూడ్డానికి వచ్చేవాళ్ళ జీపులు వెనకాలే హారన్ కొడుతూ ఉంటాయి. ఎత్తు మొదలవగానే గేరు 36లో పడిపోతుంది. ఆ తర్వాత ఇంకేం మిగల్లేదు. నిలబడి తొక్కితే వెనక చక్రం ఎర్రమట్టిలో ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, కూర్చుని తొక్కితే కుడి మోకాలు పట్టేస్తుంది. మొన్న దిగి తోసుకుంటూ వెళ్తుంటే, మేకలు తోలుకెళ్తున్న మా ఏడో తరగతి కుర్రాడు ఆగి, "సార్, నేను తొయ్యనా?" అన్నాడు. ఇక లాభం లేదని ఇక్కడ రాస్తున్నాను.

విశాఖలో ఒక షాపులో అడిగితే 12 స్పీడు వేసుకోమన్నారు. దానికి వెనక చక్రం కూడా మార్చాలట. చెప్పిన మొత్తం నేను సైకిల్ కొన్న ధరకి దగ్గర్లో ఉంది. చక్రం మార్చడం నిజంగా తప్పదా? ఒక్క క్యాసెట్ మార్చి ఊరుకుంటే కుదరదా? లేక ముందు 30 వేస్తే సరిపోతుందా? మెకానిక్ పని కొంత వచ్చు. పంచర్లు, బ్రేకులు నేనే చూసుకుంటాను. గేర్ల జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు.

బీచ్‌రోడ్_రైడర్:

సర్, నేను ఇదే 9 స్పీడు మీద 11-40 వేశాను. మీ డిరేలర్ (చైనుని ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) 36 వరకే అని కంపెనీ లెక్క. అందుకని హ్యాంగర్‌కీ (డిరేలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క) డిరేలర్‌కీ మధ్య చిన్న ఎక్స్‌టెండర్ ముక్క బిగించాను. చాలా చవక. పెద్ద పళ్ళచక్రం ఎక్కుతుంది, కైలాసగిరి హాయిగా వెళ్ళొస్తున్నాను. కాకపోతే చిన్న పళ్ళ వైపు డిరేలర్ మరీ కిందికి వేలాడి, గేర్లు బద్ధకంగా పడతాయి. గతుకుల్లో చైను ఫ్రేముకి టపటపా కొట్టుకుంటుంది కూడా. నాదంతా తారురోడ్డే కాబట్టి సర్దుకుపోయాను.

షెడ్డు_ఫిట్టర్:

మాస్టారూ, నేను రైల్వే షెడ్డులో 31 ఏళ్ళు ఫిట్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. కొలత చూడకుండా స్పానర్ పట్టకూడదని మాకు మొదటి రోజే చెప్పేవారు. ముందు మీ లెక్క చూద్దాం.

29 చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 2.29 మీటర్లు. మీరు నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పుతున్నారనుకుంటే, 32-36లో గంటకి 7.3 కిలోమీటర్లు పోవాలి. అంతకంటే మెల్లగా వెళ్ళాలంటే కాళ్ళు మెల్లగా తిప్పాలి, అప్పుడు బరువంతా మోకాలి మీద పడుతుంది. మీరు 82, సైకిల్ 14 అనుకోండి. 12 శాతం ఎత్తులో, మట్టి దారిలో ఆ వేగానికి సుమారు 280 వాట్లు కావాలి. 47 ఏళ్ళ మామూలు మనిషి పదినిమిషాలు ఇచ్చే శక్తి కాదది. మీ కాళ్ళలో లోపం లేదు, గేరులోనే ఉంది.

ముందు 30 వేస్తే 6.9 అవుతుంది. చెప్పుకోవడానికి తప్ప మోకాలికి తెలియదు. వెనక 42 వేస్తే 6.3. అదే 51 వేస్తే 5.2, అప్పుడు కావలసింది 200 వాట్ల లోపే. మనిషి గబగబా నడిచే వేగం అది. ఆ వేగంలో కూర్చుని తొక్కగలిగితే వంజంగి ఎక్కినట్టే. పైగా చిన్నది 11 అలాగే ఉంటుంది కాబట్టి, దిగేటప్పుడూ చదును మీదా మీరు పోగొట్టుకునేదేమీ లేదు. ముందు రింగు చిన్నది చేస్తే అక్కడ కొంత పోతుంది.

ఇక షాపాయన మాట. ఆయన అబద్ధం చెప్పలేదు. షిమానో కంపెనీ 12 స్పీడు 10-51 క్యాసెట్‌లో అన్నిటికన్నా చిన్నదానికి 10 పళ్ళే. మామూలు ఫ్రీహబ్ బాడీ (వెనక హబ్ మీద క్యాసెట్ కూర్చునే భాగం) లావు మీద 10 పళ్ళది కూర్చోదు, అందుకే మైక్రో స్ప్లైన్ అని వేరే బాడీ పెట్టారు. కానీ మీకు ఆ 10తో పనేముంది? షిమానో డియోరే 11 స్పీడులో 11-51 ఉంది. అది మీ 9 స్పీడు హబ్ బాడీ మీదే కూర్చుంటుంది. చక్రం మార్చక్కర్లేదు. మీ వెనకది నిజంగా క్యాసెట్టేనా, హబ్‌కి మరతో బిగించే ఫ్రీవీలా అన్నది మాత్రం ఒకసారి చూసుకోండి. ఫ్రీవీల్ అయితే ఈ కథంతా మారిపోతుంది.

మార్చాల్సినవి నాలుగు: క్యాసెట్, డిరేలర్, షిఫ్టర్ (హ్యాండిల్ మీద గేరు మీట), చైను. ఇందులో ఒకటి మిగుల్చుకుందామనే ఆశ వద్దు. 9 స్పీడు షిఫ్టర్ ఒక క్లిక్కుకి లాగే తీగ వేరు, 11 స్పీడు డిరేలర్ అడిగే తీగ వేరు. రెండూ షిమానోవే కదా అని కలిపితే ఒక్క గేరూ కుదురుగా పడదు. ఖర్చు తగ్గించాలంటే మైక్రోషిఫ్ట్ అడ్వెంట్ ఎక్స్ చూడండి, 10 స్పీడు, 11-48. అదీ మీ హబ్ మీదే పడుతుంది. దాని షిఫ్టర్, డిరేలర్ ఒక జత, షిమానో వాటితో కలవవు. 48లో మీకు 5.5 వస్తుంది. డియోరేకీ దీనికీ రెంటికీ డిరేలర్‌లో క్లచ్ ఉంటుంది, చైను ఎగిరి పడదు. పై తమ్ముడు చెప్పిన టపటపకి మందు అదే. ఆ ఎక్స్‌టెండర్ పద్ధతి బీచ్ రోడ్డుకి సరే, మీ రాళ్ళ దారికి నేను చెప్పను.

ఇప్పుడు నా తెలివితక్కువ పని చెప్తాను. నేను 42 నుంచి 51కి మారినప్పుడు కొత్త చైనుని పాతదాని పక్కన పెట్టి, సరిగ్గా అంతే కోశాను. 31 ఏళ్ళ సర్వీసు! పెద్ద చక్రం 9 పళ్ళు పెరిగితే, చైను దాన్ని సగం చుట్టు చుడుతుంది కాబట్టి నాలుగైదు లింకులు ఎక్కువ కావాలి. ఇంటి దగ్గర చదును మీద 51లో వేసి చూడనే లేదు. గాలికొండ దగ్గర కాఫీ తోటల మట్టి దారిలో వేశాను. ఫట్‌మని హ్యాంగర్ విరిగి, డిరేలర్ వెళ్ళి చక్రం ఊచల్లో ఇరుక్కుంది. సైకిల్ని సామాన్ల జీపు పైన కట్టి తెచ్చుకున్నాను. మీకు 36 నుంచి 51 అంటే పెరిగేది 15 పళ్ళు, అంటే దాదాపు 8 లింకులు. పాత చైనుతో కొలవొద్దు. డిరేలర్‌లోంచి పోనివ్వకుండా ముందు 32, వెనక 51 మీదుగా చుట్టి, ఆ పైన కంపెనీ కాగితంలో చెప్పినన్ని లింకులు కలపండి. కొన్ని ఫ్రేములకి 116 లింకుల ప్యాకెట్ చాలదు, కొనేముందు చూసుకోండి.

కాఫీతోట_మాస్టారు:

గురువుగారూ, ఇంత ఓపిగ్గా చెప్పినందుకు దండాలు. చక్రం విప్పి చూశాను, లాక్‌రింగ్ (క్యాసెట్‌ని బిగించే రింగు) ఉంది, క్యాసెట్టే. చైన్‌రింగ్ రివెట్లతో కాదు, నాలుగు బోల్టులతో ఉంది. పక్కపక్క బోల్టుల మధ్య స్కేలు పెడితే 73, 74 మిల్లీమీటర్లు వస్తోంది. పళ్ళన్నీ ఒకే మందంలో ఉన్నాయి. దీన్ని ఉంచుకోవచ్చా?

షెడ్డు_ఫిట్టర్:

అయితే అది 104 కొలత స్పైడర్ (చైన్‌రింగ్‌ని బోల్టులతో బిగించే భాగం), అంటే బోల్టుల వలయం అడ్డకొలత 104 మిల్లీమీటర్లు. దాని మీద 32 కంటే చిన్నది మామూలుగా పట్టదు. 30 కావాలంటే బోల్టు మరలు రింగులోనే ఉండే రకం వెతకాలి. మీకు 30 అక్కర్లేదు కాబట్టి 32లోనే ఒకటి లావు ఒకటి సన్నం పళ్ళుండే రింగు తీసుకోండి. అరిగిన రింగు మీద కొత్త చైను ఎలాగూ వేయకూడదు.

హ్యాంగర్ వంకర లేదని ఎవరిచేతైనా గేజీ పెట్టించి చూపించండి. 9 స్పీడులో కొద్ది వంకర బయటపడదు. 11లో పళ్ళచక్రాల మధ్య ఎడం తక్కువ, వెంటనే పట్టేస్తుంది. క్యాసెట్ లాక్‌రింగ్ మీదే 40 ఎన్.ఎం. (న్యూటన్ మీటర్లు, బిగింపు కొలత) అని అచ్చు ఉంటుంది, అంత గట్టిగా బిగించాలి. చేతి వాటంగా వదిలేయకండి.

కాఫీతోట_మాస్టారు:

నెల తర్వాత వచ్చి చెప్తున్నాను. డియోరే 11-51 వేశాను. క్యాసెట్ విప్పే పనిముట్లు నా దగ్గర లేక, అదొక్కటీ హ్యాంగర్‌తో పాటు నర్సీపట్నంలో ఒక కుర్రాడి చేత చేయించాను. హ్యాంగర్ నిజంగానే లోపలికి వంగి ఉంది. చైను నేనే కొలిచి, రెండుసార్లు లెక్కపెట్టి, ఇంటి ముందే 51లో వేసి చూశాకే గేటు దాటాను. బి-స్క్రూ (డిరేలర్ పై పుల్లీకీ పళ్ళచక్రానికీ మధ్య ఎడం సర్దే మర) దగ్గర మాత్రం ఒక సాయంత్రం పోయింది. పై పుల్లీ 51కి తగులుతూ కరకరమనేది. పావు చుట్టు చొప్పున తిప్పుకుంటూ వస్తే ఆగింది.

మూడు ఆదివారాలు వంజంగి వెళ్ళాను. రెండు చోట్ల తప్ప దిగలేదు. మోకాలు సోమవారం మెట్లెక్కేటప్పుడు గుర్తు రావడం మానేసింది. కొత్త చిక్కు ఒకటుంది. నిటారు ఎత్తులో 51లో తొక్కితే ముందు చక్రం గాల్లోకి లేస్తోంది. సీటు ముందు కొసకి జరిగి, గడ్డం హ్యాండిల్ మీదకి వంచితే నిలబడుతోంది. చూసేవాళ్ళకి ఎలా ఉందో గానీ నాకు పని జరుగుతోంది. కొత్త గేర్లకి కాళ్ళు ఇంకా అలవాటు పడాలి.

పాత 11-36 క్యాసెట్, డిరేలర్, షిఫ్టర్ బాగానే ఉన్నాయి. ఎవరికైనా కావాలంటే చెప్పండి. డబ్బులొద్దు, పాడేరు వచ్చి కాఫీ తాగి పట్టుకెళ్ళండి.