కర్ణాటకలోని బైలకుప్ప, ముండగోడు టిబెటన్ బౌద్ధ మఠాల్లో చదివే చిన్న భిక్షువులకు సాయం చేయడం ఎలా?

ప్రశ్న (కర్నూలు, బి.క్యాంపు):
అందరికీ నమస్కారం. నేను రిటైరైన లెక్కల టీచర్ని. 2006లో అమరావతిలో కాలచక్ర (టిబెటన్ బౌద్ధుల పెద్ద దీక్షా సభ) జరిగినప్పుడు వెళ్లాను. ఎర్ర వస్త్రాలు కట్టుకున్న చిన్నపిల్లలు పేజీలకు పేజీలు అప్పజెబుతుంటే చూశాను. అది ఇప్పటికీ మనసులోంచి పోలేదు. పెన్షన్లోంచి నెలనెలా కొంత తీసి, అలాంటి ఒక పిల్లాణ్ణి చదివించాలని ఉంది. ఎవరిని అడగాలి? డబ్బు పంపాలా, బట్టలూ పుస్తకాలూ పంపాలా? అమెరికాలో ఉన్న మా అబ్బాయి కూడా తన వంతు ఇస్తానంటున్నాడు.

జవాబు (అనంతపురం):
నమస్తే మాస్టారూ. మనకు అందుబాటులో ఉన్నవి రెండు చోట్లు. మైసూరు జిల్లా బైలకుప్పలో సెరా, నమ్‌డ్రోలింగ్ మఠాలు. ఉత్తర కన్నడ జిల్లా ముండగోడులో డ్రెపుంగ్, గాండెన్. అక్కడి పిల్లలంతా టిబెటన్లే అనుకోకండి. లడఖ్, స్పితి, అరుణాచల్, నేపాల్ నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు.

సెరా, డ్రెపుంగ్, గాండెన్‌లలో చదువు చాలా పెద్దది. మొదట అక్షరాలు, కంఠస్థం, వ్యాకరణం. తర్వాత తర్కం. ఒకరు నిలబడి చప్పట్లు చరుస్తూ ప్రశ్నలు వేస్తారు, ఇంకొకరు కూర్చుని జవాబు చెప్పాలి. అది దాటాక ధర్మకీర్తి ప్రమాణవార్తికం, మైత్రేయుడి అభిసమయాలంకారం, మన నాగార్జునుడి తత్త్వాన్ని వివరించే చంద్రకీర్తి మధ్యమకావతారం, వసుబంధుడి అభిధర్మకోశం, గుణప్రభుడి వినయసూత్రం అనే అయిదు పెద్ద బౌద్ధ గ్రంథాలు. గెషే అనే పెద్ద పట్టా చేతికొచ్చేసరికి ఇరవై ఏళ్లదాకా పడుతుంది. అందుకని చిన్న మొత్తమైనా ఫరవాలేదు, ఏళ్ల తరబడి ఆపకుండా ఇవ్వగలిగినంతే ఒప్పుకోండి.

ఒక పిల్లాణ్ణే ఎంచుకోవద్దని నా గట్టి అభిప్రాయం. పక్కపక్కన పడుకునే ఇద్దరిలో ఒకడికి ఉత్తరాలూ కానుకలూ వస్తూ, రెండోవాడికి ఏమీ రాకపోతే ఆ పసిమనసు ఏమవుతుంది? పైగా పెద్దయ్యాక వస్త్రం వదిలి ఇంటికి వెళ్లిపోయే హక్కు వాడికుంది. ఇన్నాళ్లు చదివించాం కదా అన్న మొహమాటం వాడి మీద పడకూడదు. మఠం బడికో, వంటశాలకో, వైద్యానికో ఇవ్వండి. వైద్యాన్ని తక్కువగా చూడొద్దు. ఈ మఠాలున్న టిబెటన్ శరణార్థుల కాలనీల్లో, అంటే సెటిల్మెంట్లలో, క్షయ పెద్ద సమస్య. గుంపుగా ఉండే వసతుల్లో ఒకరికి వస్తే పక్కవారికి సోకుతుంది, నెలల తరబడి మందులు వాడాలి, చదువు కుంటుపడుతుంది. బట్టలు మాత్రం అడగకుండా పంపకండి.

జవాబు (కడప, ఆడిటర్):
డబ్బు విషయం నేను చెప్తాను. మఠం పేరుతోనో దాని ట్రస్టు పేరుతోనో ఉన్న ఖాతాకే వేయండి, వ్యక్తుల ఖాతాలకు వద్దు. కొత్త పన్ను విధానంలో ఉంటే విరాళాలకిచ్చే పన్ను మినహాయింపు (80జి) రాదు. పాత విధానంలోనైనా 2,000 రూపాయలు దాటిన నగదుకు రాదు. మీ అబ్బాయిది ఇండియన్ పాస్‌పోర్టే అయితే తన సంపాదనలోంచి మామూలుగా బ్యాంకు ద్వారా పంపొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉన్న సంస్థకు, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో దానికున్న ప్రత్యేక ఖాతాకే పంపాలి. ఆ డబ్బును మీ ఖాతా మీదుగా తిప్పకండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మా ఇంట్లో ఆమె ఒక మాటంది: "అంత పసిపిల్లల్ని అమ్మానాన్నలకు దూరంగా ఉంచడం న్యాయమేనా?" నాకు జవాబు తోచలేదు.

జవాబు (అనంతపురం):
అమ్మగారు అడిగింది ముందుగా అడగాల్సిన ప్రశ్న. బుద్ధుడి కొడుకు రాహులుడికి దీక్ష ఇచ్చాక తాత శుద్ధోదనుడు కుమిలిపోతే, తల్లిదండ్రులు ఒప్పుకోనిదే పిల్లలకు దీక్ష ఇవ్వకూడదని బుద్ధుడే నియమం పెట్టాడని భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకం చెప్తుంది. 20 ఏళ్లు నిండేదాకా వాళ్లు శ్రామణేరులే, పూర్తి భిక్షువులు కారు. ఇక మన విద్యాహక్కు చట్టం 2012 సవరణ తర్వాత మతవిద్యే ప్రధానంగా చెప్పే సంస్థలకు వర్తించదు. కాబట్టి ఆ జాగ్రత్త ఇచ్చేవాళ్లమే తీసుకోవాలి. పిల్లలు ఇంటికి ఎప్పుడెప్పుడు వెళ్తారు? లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు ఎవరు చెప్తున్నారు? మఠం వదిలితే బయటి బడిలో ఏ తరగతిలో చేరగలరు? వీటికి సూటిగా జవాబు చెప్పని చోట ఒక్క రూపాయీ ఇవ్వకండి.

ఇంకోటి మాస్టారూ, మీరు లెక్కలు చెప్పగలరు కదా! అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంతో కలిసి ఈ పెద్ద మఠాల్లో భిక్షువులకు సైన్సు నేర్పుతున్నారు. లెక్కలు గట్టిగా వస్తేనే అది ఎక్కుతుంది. కొన్ని వారాలు ఉండి చెప్తానని ఉత్తరం రాయండి. ఆ సెటిల్మెంట్లలో ఉండడానికి విదేశీయులకు ప్రత్యేక అనుమతి కావాలి, మనకు అక్కర్లేదు.

జవాబు (పత్తికొండ):
సార్, ఆ పిల్లోళ్లు యాత్రకు ఇట్లా వస్తే ఎర్రగుడి ఊరికి పిలుచుకొని రాండి. గుత్తి నుంచి పత్తికొండకు వచ్చే దారిలోనే ఉండాది. అమ్మానాయనల మాట ఇనాల, గురువును గౌరవించాల అని అశోకుడు ఆడ రాయి మింద రాయించినాడు. కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కినారు. చదువుకునే పిల్లోళ్లు చూడాల్సిందే.

ప్రశ్న అడిగినవారు:
తప్పకుండా. ముందు నేనే ఒకసారి ముండగోడు వెళ్లి వస్తాను. డోన్‌లో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే హుబ్బళ్లిలో దిగొచ్చు కదా? ఫిబ్రవరిలో వెళ్దామనుకుంటున్నా.

జవాబు (అనంతపురం):
రైలు అదే. హుబ్బళ్లి నుంచి ముండగోడుకు రోడ్డు మీద వెళ్లాలి. ఫిబ్రవరి, మార్చిల్లో వాళ్ల కొత్త సంవత్సరం లోసర్ వస్తుంది, ఆ రోజుల్లో తరగతులుండవు. ఈ ఏడు ఎప్పుడో మఠం ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కుని, అది అయ్యాకే టికెట్ తీసుకోండి.