మ్యూజియం చీకట్లో తీసిన విమానం ఫోటోకు ఏఐ డీనాయిజ్ వాడొచ్చా?

గాజువాక_లెన్స్:
మన గ్రూపు ఫోటో ప్రదర్శనకు ఈసారి పాత విమానాలు అనుకున్నాం కదా. మ్యూజియం లోపల తీసిన ఫోటోలకు ఏఐ డీనాయిజ్ (మసక వెలుగులో తీసిన ఫోటోలో వచ్చే గరుకు చుక్కలను, అంటే నాయిజ్‌ను, ఏఐతో తుడిచేసే సాఫ్ట్‌వేర్) వాడకూడదని నిబంధన పెడదామన్నాను. మొన్నటి మీటింగులో చాలామంది ఒప్పుకోలేదు. నా కారణాలు ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉన్న టీయూ-142ను (నౌకాదళం వాడిన నిఘా విమానం) బయట ఎండలో ఏ ఫోన్‌తో తీసినా బాగానే వస్తుంది. లోపలికెళ్తేనే ఇబ్బంది. ఇరుకు దారి, వెనక నుంచి జనం, కిటికీ దగ్గర కళ్ళు చెదిరే వెలుగు, రెండడుగులు దాటితే మసక. ఐఎస్ఓ (అందిన కాస్త వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 6400 పెట్టక తప్పదు, నాయిజ్ రాక తప్పదు. ఇంటికొచ్చి సాఫ్ట్‌వేర్‌లో ఒక్క క్లిక్ కొడితే ఇస్త్రీ చేసినట్టు నున్నగా అయిపోతుంది. ఆ నునుపులో రివెట్ల వరసలు కరిగిపోతాయి. ప్యానెల్ మీది చిన్న అక్షరాలు, అక్షరాల్లా కనిపించే గీతలవుతాయి. అవి అసలక్కడ లేని గీతలు!

ఈ టీయూ-142 రకం విమానాలు 1988 నుంచి 2017 దాకా నౌకాదళంలో పనిచేశాయి. వాటిని నడిపిన దళం ప్రమాదమన్నది లేకుండా 30,000 గంటలు ఎగిరింది. అలాంటి విమానం ఒంటి మీది ప్రతి అతుకూ నిజంగా ఉన్నట్టే కనిపించాలి.

ఎంవీపీ_నైట్‌మోడ్:
అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ఫోన్లో నైట్ మోడ్ కూడా లెక్కలతో తయారైన బొమ్మే కదా? దాన్ని ఒప్పుకుని దీన్ని ఎందుకు కాదంటారు? ఇంకో మాట. పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరా, ఎక్కువ వెలుగు పట్టే ఎఫ్/1.4 లెన్స్ ఉన్నవాళ్ళకు అంత నాయిజ్ రాదు. కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్స్‌తో తీసే నాలాంటి వాళ్ళకే వస్తుంది. డబ్బు లేనివాళ్ళ మీదే పడే నిబంధన ఇది. ప్రదర్శనకు వచ్చే స్కూలు పిల్లలకు విమానం స్పష్టంగా కనిపిస్తే చాలు, రివెట్లు ఎవరు లెక్కపెడతారు?

సీతమ్మధార_మాస్టారు:
చిన్న సందేహం. ఫ్లాష్ వేస్తే నాయిజ్ గొడవే ఉండదు కదా? లేదంటే ట్రైపాడ్‌కి పర్మిషన్ అడుగుదాం.

గాజువాక_లెన్స్:
మాస్టారూ, దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ముక్కు తెల్లగా మెరిసిపోతుంది, తోక చీకట్లోనే ఉంటుంది. పైగా మెరిసే అల్యూమినియం రేకు ఆ వెలుగును తిప్పి మన లెన్స్‌లోకే కొడుతుంది. ట్రైపాడ్ సంగతి మ్యూజియాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో డేటన్‌లోని వైమానిక దళ మ్యూజియంలో వాడనిస్తారు, వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్‌లో వద్దంటారు. మన టీయూ లోపల మాత్రం అడిగినా ఉపయోగం లేదు. మూడు కాళ్ళు చాపితే వెనకవాళ్ళకు దారి ఉండదు.

ఎంవీపీ తమ్ముడి ప్రశ్న మాత్రం గట్టిదే, దానికి జవాబు చెప్పాలి. నైట్ మోడ్ ముఖ్యంగా చేసేది వరసగా కొన్ని ఫ్రేములు తీసి, సరిచూసి కలపడం. ఆ పని మామూలు కెమెరాతోనూ చేయొచ్చు. గోడకో స్తంభానికో భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి, బర్స్ట్‌లో (ఆగకుండా వరసగా) 16 ఫ్రేములు కొట్టండి. ఇంటికొచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే నాయిజ్ నాలుగో వంతుకు దిగుతుంది. అంటే ఐఎస్ఓ 6400లో తీసింది దాదాపు 400లో తీసినట్టు ఉంటుంది. కిట్ లెన్స్ చాలు, డబ్బు ఖర్చు లేదు. నా దృష్టిలో తేడా ఇదే: సగటు తీసినప్పుడు ఫోటోలో కనిపించేదంతా ఆ హాల్లో వెలుగు నిజంగా తాకిన చోటు నుంచే వస్తుంది. ఏఐ మాత్రం వేరే లక్షల ఫోటోల్లో చూసినదాన్ని బట్టి ఊహించి నింపుతుంది.

భీమిలి_తీరం:
ఎల్ఈడీ లైట్ల గురించి ఎవరూ రాయలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్. చవకరకం లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. సైలెంట్ షట్టర్ (చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్) పెట్టి షట్టర్ స్పీడు పెంచితే ఫోటోలో అడ్డచారలు పడతాయి, అవి ఏ డీనాయిజ్‌తోనూ పూర్తిగా పోవు. షట్టర్ స్పీడు 1/50 సెకను గానీ 1/100 సెకను గానీ పెట్టుకోండి.

ఎంవీపీ_నైట్‌మోడ్:
16 ఫ్రేములు బాగానే ఉందన్నా, కానీ ఆదివారం సాయంత్రం వెళ్ళి చూడండి. ఒక చోట నిలబడనిస్తేగా! మధ్యలో ఎవరో ఒకరు నడిచి వెళ్తారు, పేర్చాక దయ్యంలా నీడ మిగులుతుంది. పనిరోజున పొద్దున్నే వెళ్ళే తీరిక అందరికీ ఉండదు.

డాబాగార్డెన్స్_వర్క్‌షాప్:
నేను ఫోటోగ్రాఫర్ని కాదండీ, రేకు పని, పెయింటు పని చేసే మనిషిని. నా వైపు నుంచి ఒక మాట. మన విమానం నిలబడింది సముద్రం ఒడ్డున. ఉప్పుగాలి అల్యూమినియాన్ని తినేస్తుంది. ముందు రివెట్ల తలల చుట్టూ, రేకులు కలిసే చోట పొక్కులు లేస్తాయి. అప్పుడు గీకి, మళ్ళీ రంగు వేయాలి. రంగు కింద ఏ గుర్తు ఎక్కడ ఉండేదో, ఏ అక్షరం ఎంత సైజో తర్వాత తెలిసేది ఫోటోల వల్లే. పాత విమానాన్ని బాగుచేసేవాళ్ళు ఎక్కడైనా ముందు వెతికేది పాత ఫోటోల కోసమే. గరుకుగా ఉన్నా సరే, నిజం ఫోటో కావాలి మాకు. నున్నటి ఫోటోలో పొక్కు కూడా మాయమైపోతే ఆ రేకు బాగుందనుకుంటాం. రంగు విషయం కూడా చూడండి. కిటికీ వెలుగు నీలంగా, లోపలి బల్బు పసుపుగా ఉంటాయి. ఒక ఫ్రేములో గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) పెట్టి తీస్తే అసలు రంగు ఏదో పట్టుకోవచ్చు.

ఎంవీపీ_నైట్‌మోడ్:
వర్క్‌షాప్ గారూ, ఇది నేను ఆలోచించని కోణం. పొక్కు మాయమవడమన్నది చిన్న విషయం కాదు. దగ్గరగా తీసిన వాటికి ఏఐ వద్దంటే ఒప్పుకుంటాను.

గాజువాక_లెన్స్:
అయితే నిబంధన ఇలా మారుస్తాను: ప్యానెళ్ళు, రివెట్లు, రాతలు కనిపించేలా దగ్గరగా తీసిన ఫోటోలకు ఏఐ డీనాయిజ్ వద్దు. దూరం నుంచి మొత్తం కనిపించేలా తీసినవాటికి వాడితే ఫోటో కింద ఆ సంగతి రాయాలి. రెండింటికీ అసలు ఫైలు జతచేసి పంపాలి.

ఎంవీపీ_నైట్‌మోడ్:
అసలు ఫైలు పంపడానికి నాకు అభ్యంతరం లేదు. దూరం ఫోటోల కింద రాయడం మాత్రం ఒప్పుకోను. నైట్ మోడ్ వాడినవాళ్ళు రాయనక్కర్లేదా? వాళ్ళతోనూ రాయిస్తానంటే చెప్పండి, మీటింగులో మీ వైపే చెయ్యెత్తుతాను.

గాజువాక_లెన్స్:
రాయిద్దాం. ఫోన్ అయినా కెమెరా అయినా ఒకే రూలు.