శామీ లీ: డైవర్‌గా గొప్పా, కోచ్‌గా గొప్పా?

నీటిపక్షి:
కొరియా నుంచి అమెరికా వచ్చి స్థిరపడిన దంపతుల కొడుకు శామీ లీ. 1948 లండన్, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ప్లాట్‌ఫామ్ (అంత ఎత్తున్న గట్టు మీంచి నీళ్లలోకి దూకే డైవింగ్ పోటీ) స్వర్ణాలు గెలిచాడు. రెండోది సరిగ్గా తన 32వ పుట్టినరోజున! తర్వాత అమెరికన్ డైవర్లు బాబ్ వెబ్‌స్టర్‌కీ గ్రెగ్ లుగానిస్‌కీ కోచ్ అయ్యాడు. నా ఓటు మాత్రం డైవర్ లీకే. పెద్ద ఆటగాళ్లు మంచి కోచ్‌లు కావడం అరుదు. తమకు సహజంగా వచ్చేసింది ఎదుటివాళ్లకు ఎందుకు రావట్లేదో వాళ్లకు అంతుపట్టదు. లుగానిస్‌నే చూడండి. 1984లో రెండు, 1988లో రెండు స్వర్ణాలూ రాన్ ఒబ్రయన్ కోచ్‌గా ఉన్నప్పుడు వచ్చినవే. లీ దగ్గర ఉండగా వచ్చింది 1976 మాంట్రియల్ రజతమే.

పల్టీ:
"సహజంగా వచ్చేసింది" అన్నారే, అక్కడే నాకు అభ్యంతరం. లీ కుర్రవాడిగా ఉన్నప్పుడు పాసడీనాలోని ఈతకొలనులోకి తెల్లవాళ్లు కానివాళ్లను వారానికి ఒక్కరోజే రానిచ్చేవారు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మరి మిగతా రోజుల్లో సాధన ఎలా? కోచ్ జిమ్ ర్యాన్ పెరట్లో ఇసుక గుంట, దాని మీద బోర్డు. ఇసుకలోకి తలకిందులుగా దూకలేం కదా, పల్టీ పూర్తి చేసి కాళ్ల మీద దిగాల్సిందే. ముడుచుకున్న ఒంటిని ఎప్పుడు విప్పాలో ఏమాత్రం లెక్క తప్పినా ఒళ్లు హూనమే. అంత కష్టపడి నేర్చుకున్నవాడికి శిష్యుడు ఎక్కడ తడబడుతున్నాడో ఇట్టే తెలిసిపోతుంది. వెబ్‌స్టర్ చదివిన కాలేజీలో అసలు కొలనే లేదు. అతనూ లీ ఇంటి పెరట్లోని ఇసుక గుంటలోనే సాధన చేశాడు. 1960 రోమ్‌లో, 1964 టోక్యోలో ప్లాట్‌ఫామ్ స్వర్ణం అతనిదే. ఇది కోచింగ్ కాదంటారా?

నీటిపక్షి:
వెబ్‌స్టర్ సంగతి సరే. లుగానిస్ మాటేమిటి?

పదిమీటర్లు:
ఆ రజతాన్ని తేలిగ్గా తీసెయ్యకండి. అప్పటికి లుగానిస్‌కి 16 ఏళ్లు. ఓడింది ఎవరి చేతిలో? వరుసగా మూడో ప్లాట్‌ఫామ్ స్వర్ణం గెలిచిన క్లాస్ డిబియాసీ చేతిలో! పది మీటర్ల నుంచి దూకితే గాల్లో ఉండేది ఒకటిన్నర సెకను లోపే, నీళ్లను తాకేటప్పటికి వేగం గంటకు 50 కిలోమీటర్లు. ఆ వయసు పిల్లాడు టెన్షన్ పడకుండా అక్కడిదాకా వచ్చాడంటే వెనక ఎవరో గట్టిగా నిలబడ్డారన్నమాట. పోటీలకు ముందు లుగానిస్ ఉన్నది లీ ఇంట్లోనే. ఒబ్రయన్ వాటా తగ్గించాలని కాదు. 1988 సియోల్‌లో బోర్డు తలకు తగిలి రక్తం కారినా, కుట్లు వేయించుకుని లుగానిస్ మళ్లీ బోర్డెక్కి స్వర్ణం గెలిచినప్పుడు కోచ్ ఆయనే. కానీ లీ వృత్తిరీత్యా చెవి, ముక్కు, గొంతు డాక్టరు. ఆ పని చూసుకుంటూనే ఇద్దరు ఒలింపిక్ పతక విజేతలను తయారు చేశాడు. నా ఓటు కోచ్ లీకే.

నీటిపక్షి:
డాక్టరు పట్టా 1947లో వచ్చింది, తొలి స్వర్ణం ఆ మరుసటి ఏడాదే. అంటే మెడిసిన్ చదువుతూనే ఆ స్థాయికి చేరాడు. శిష్యుడి పతకంలో శిష్యుడి వాటా ఉంటుంది, తర్వాతి కోచ్ వాటా ఉంటుంది. ప్లాట్‌ఫామ్ అంచున నిలబడింది మాత్రం లీ ఒక్కడే. నా ఓటు మారదు.