చేతిలో లక్షన్నర మిగిలింది, హాల్లో ఫాల్స్ సీలింగ్ చేయించాలా వద్దా?

కొత్తిల్లు_నిజాంపేట
నమస్తే అండి అందరికీ. 1150 ఎస్‌ఎఫ్‌టీ టూ బీహెచ్‌కే తీసుకున్నాం, శ్రావణంలో గృహప్రవేశం అయింది, కిచెను వార్డ్‌రోబులు అన్నీ అయ్యాక ఓ లక్షన్నర మిగిలింది. ఇంటీరియర్ అబ్బాయేమో హాల్లో ఫాల్స్ సీలింగు, చుట్టూ ప్రొఫైల్ లైట్లు, టీవీ వెనకాల మార్బుల్‌లా కనపడే ప్యానెల్ అని త్రీడీ బొమ్మ పంపాడు. బొమ్మ బానే ఉంది కానీ మా బ్లాకులోనే మూడిళ్లు చూశా, మూడింట్లోనూ అదే బొమ్మ, గుమ్మం ముందు చెప్పులు చూస్తే తప్ప ఎవరిల్లో తెలీదు. మావారికి మాత్రం అదే కావాలి, మళ్లీ మళ్లీ చేయిస్తామా అంటారు. నాకేమో సాయంత్రం ఆఫీసు నుంచి వస్తే హోటల్ రూము తలుపు తీసినట్టు ఉండకూడదు. పుట్టింట్లో నాయనమ్మ టేకు భోషాణం, రెండు ఇత్తడి గుండిగలు ఊరికే పడున్నాయి, తెచ్చుకోమని అమ్మ ఎప్పట్నుంచో అంటోంది. అవి పెడితే ఇల్లు పాతసామాన్ల కొట్టులా ఉంటుందని మావారి భయం. మీరైతే ఏం చేస్తారు?

బల్లుల_బాధితుడు
మేడం నేను రెండేళ్ల కింద అచ్చం అదే చేయించా. మొదటి దీపావళికి వచ్చినవాళ్లంతా ఆహా అన్నారు, ఏడాదిన్నరకి సీలింగు గాడిలో పెట్టిన స్ట్రిప్ లైటు ఒక మూల ఆరిపోయింది, ఇప్పుడు పన్నూడిన నోరులా ఉంది. ఆ గాడిలో దుమ్ము దులపాలంటే స్టూలెక్కాలి, ఎవరూ ఎక్కరు, బల్లులు కాపురం పెట్టాయి.

ముందు ఒక పని చేయండి, పెద్ద ఖర్చు కూడా కాదు. మీ బల్బు డబ్బా మీద 6500K అని ఉందేమో చూడండి, ఆ K నంబరు వెలుగు రంగు చెప్తుంది, 6500 అంటే మెడికల్ షాపు తెలుపు. హాల్లో, బెడ్రూంలో 2700K గానీ 3000K గానీ ఉన్న వార్మ్ వైట్, అంటే కాస్త పసుపు ఛాయ ఉన్నది పెట్టండి, పైనుంచి ఒక్కటే కాకుండా మూలన ఒక ల్యాంపు, సోఫా పక్కన ఒకటి. అదే గోడ, అదే సోఫా, వేరే ఇల్లులా ఉంటుంది. మా నాన్నగారు మాత్రం మొదటి రోజు ‘ఏంట్రా ఇది, కరెంటు పోయి లాంతరు పెట్టినట్టుంది’ అన్నారు, ఇప్పుడు పేపరు ఆ ల్యాంపు కిందే చదువుతారు. కిచెన్లో మాత్రం తెల్ల లైటే ఉంచండి, కూరలో పురుగు కనపడాలి కదా.

ధర్మవరం_పిల్ల
పైవాళ్లు ల్యాంపు అన్నారు కాబట్టి చెప్తున్నా అక్కా. మా ధర్మవరం పక్కనే నిమ్మలకుంట అని ఊరు, తోలుబొమ్మలు చేసేవాళ్ల ఊరు, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆటలు తగ్గాక అదే మేకతోలు మీద అదే ఉలితో చిల్లులు కొట్టి ల్యాంప్ షేడ్లు చేస్తున్నారు. నా దగ్గర నెమళ్లున్నది ఒకటుంది. ఆర్పేసి ఉంటే ఏదో ముదురు రంగు డబ్బాలా ఉంటది, స్విచ్ వేయగానే ఎరుపు, ఆకుపచ్చ వెలుగుతాయి, ఆ చిల్లుల్లోంచి గోడంతా చుక్కలు పడతాయి. మా పాప నిద్రపోయేముందు ఆ చుక్కలు లెక్కపెడతది, ముప్పై దాటిన రోజు లేదు. లోపల 5 వాట్స్ ఎల్ఈడీనే పెట్టండి, పాత ఫిలమెంటు బల్బు వేడికి తోలు ముడుచుకుంటది. చెమ్మ ఉన్న గోడ పక్కన కూడా వద్దు.

తోమేదెవరు
అందరూ ఆహా ఓహో అంటున్నారు గానీ ఇత్తడి గుండిగలు తోమేదెవరండీ? చింతపండు, ఉప్పు వేసి తోమితే ఆ రోజుకి బంగారమే, వారం తిరిగేసరికి మళ్లీ మామూలే, పైగా మన బోరునీళ్లకి తెల్ల మచ్చలు, వెంటనే పొడిబట్టతో తుడవకపోతే ఆ మచ్చలు పోవు. రెండూ వద్దు, ఒక్కటి పెట్టండి, అందులో మొక్క పెట్టండి, నల్లబడినా బావుంటుంది.

ఇంకోటి, ఎవరో ఒకరు ఎలాగూ కలంకారీ కర్టెన్లు అంటారు కాబట్టి ముందే చెప్తున్నా, బట్ట తిరగేసి చూసి కొనండి. వెనక్కి రంగు దాదాపు దిగకుండా తెల్లగా ఉంటే స్క్రీన్ ప్రింటు అయ్యుండే అవకాశమే ఎక్కువ. పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు, ఒక అచ్చు పక్కన ఇంకో అచ్చు వెంట్రుకవాసి అటూ ఇటూ పడుతుంది, ఆ తేడా కోసమే డబ్బులిచ్చేది. శ్రీకాళహస్తిది కలంతో గీసింది, దాన్ని కర్టెన్ చేసి ఎండలో వేలాడదీయకండి దయచేసి, ఫ్రేము కట్టి ఎండ పడని గోడకి పెట్టుకోండి.

ఓరుగల్లు_పోరడు
అక్కా సీలింగ్ జోలికి పోకు. మా ఇంట్ల సోఫానే లేదు, వరంగల్ డర్రీ, గదే నేసిన జంపఖానా, ఏసినం, రెండు దిండ్లు ఏసినం, వచ్చినోళ్లంత కిందనే కూసుంటరు, గంట కూసుందామని వచ్చినోళ్లు రాత్రి అన్నం తిని పోతరు. ఇగ పైసలు మిగిల్తే బెడ్రూంల చప్పుడు చెయ్యని బీఎల్‌డీసీ ఫ్యాన్ పెట్టు. నా లెక్కల లగ్జరీ అంటే గదే, పాత ఫ్యాన్ 75 వాట్స్ తాగుతుండె, గిది 30 దగ్గర్నే, కరెంటు బిల్లు సంగతి పక్కకు పెట్టు, రాత్రి టక్ టక్ బంద్ అయింది.

కొత్తిల్లు_నిజాంపేట
అందరికీ థాంక్సండి. నిన్న హాల్లో నాలుగు బల్బులు మార్చా, 3000K వార్మ్ వైటువి. మావారికి చెప్పకుండానే మార్చా. ఆయన వచ్చి బూట్లు విప్పుతూ ఒకసారి పైకి చూసి ‘ఓల్టేజీ తక్కువుందా’ అన్నారు, భోంచేశాక మాత్రం టీవీ కూడా పెట్టకుండా అలాగే కూర్చున్నారు. సీలింగ్ మాట సంక్రాంతి దాకా వాయిదా. నిమ్మలకుంట ల్యాంపుకి చెప్పిపెట్టా, గుండిగ ఒకటే తెస్తున్నాం, తోమేదెవరు గారూ మీ మాటే.

ఇప్పుడు అసలు సమస్య భోషాణం. మూడున్నర అడుగుల వెడల్పు, లిఫ్టు తలుపేమో రెండున్నర అడుగులు, మాది ఐదో అంతస్తు. ఎవరైనా మెట్ల మీదుగా ఎక్కించినవాళ్లుంటే ఎంతమంది పట్టారో, ఎంత తీసుకున్నారో చెప్పరూ?