సమ్ ఇసుక తిన్నెల ఫొటోలు: ఇసుక రంగు చెడకుండా ఎడిట్ చేయడం ఎలా?

అందరికీ నమస్కారం. రాజస్థాన్‌లోని జైసల్మేర్‌కు పడమరగా దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న సమ్ తిన్నెల దగ్గర, పొద్దుగూకే ముందు తీసిన ఫొటోలు ఇవి. అన్నీ రా ఫైళ్లే (కెమెరా ప్రాసెస్ చేయకుండా ఇచ్చే ఫైళ్లు), లైట్‌రూమ్ అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ చేస్తున్నాను.

అసలు ఇబ్బంది ఇసుక రంగుతోనే. అక్కడి ఇసుక లేత పసుపు, గోధుమ రంగులు కలిసినట్టు ఉంటుంది. గాలిలో దుమ్ము వల్ల ఫొటో వెలిసిపోయినట్టు ఉందని డీహేజ్ (మసకను తగ్గించే స్లైడర్) కాస్త పెంచితే చాలు, ఇసుక నారింజ రంగుకు తిరుగుతోంది, ఆకాశంలో నాయిస్ (సన్నటి చుక్కల గరుకు) తేలుతోంది. ఆరెంజ్ శాచురేషన్ (నారింజ రంగు గాఢత) తగ్గిస్తే ఒంటెలు, మనుషుల ముఖాలు కూడా పాలిపోతున్నాయి.

తిన్నె నీడ వైపు నీలంగా వచ్చింది. అక్కడ పడేది ఆకాశపు వెలుతురే కాబట్టి అది సహజం, పైగా ఎండకూ నీడకూ ఉన్న ఆ తేడాయే తిన్నెకు ఆకారం ఇస్తోంది. దాన్ని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. వైట్ బ్యాలెన్స్ (ఫొటో రంగుల వెచ్చదనం, చల్లదనం) మొత్తంగా మార్చకుండా, నీడకు మాత్రం మాస్క్ వేసి (అంటే ఆ భాగాన్నే ఎంచుకుని) నీలం కొంత తగ్గించడం మంచి పద్ధతేనా?

గాలి గీసిన అలల గీతలకు క్లారిటీ (వెలుగునీడల తేడా పెంచే స్లైడర్) వాడితే ఇసుక మోటుగా కనిపిస్తోంది, సన్నటి వివరాలను మాత్రమే పెంచే టెక్స్‌చర్ స్లైడర్ నయం. ఆకాశానికి మాస్క్ వేసి ముదురు చేస్తే మాత్రం తిన్నె అంచు వెంట తెల్లటి గీత వస్తోంది. దాన్ని ఎలా పోగొట్టాలి?

మ్యాట్ (మెరుపు లేని) కాగితం మీద పెద్ద ప్రింట్ వేయించాలని ఉంది. ఎడారి ఫొటోలు ఎడిట్ చేసిన అనుభవం ఉన్నవాళ్లు, మీరు ముందు ఏది సరిచేసి తర్వాత దేనికి వెళ్తారో చెప్పగలరా?