ఓల్డ్ ఫ్యాషన్డ్ అడుగున చక్కెర మిగిలిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న (బల్లార్షా నుంచి): శనివారం బావగారు వచ్చారని ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే విస్కీ కాక్‌టెయిల్ కలిపాను. గ్లాసులో ఐసు, విస్కీ పోసి, పైన రెండు చెంచాల చక్కెర వేశాను. ఎంత తిప్పినా అడుగున ఇసుకలా మిగిలింది. విసుగొచ్చి స్టీలు డబ్బాలో పోసి, మూత పెట్టి బాగా ఊపాను. మసకబారి నీళ్లనీళ్లగా తయారైంది. బావగారు ఒక్క గుక్క తాగి "పానకంలా బాగుంది" అన్నారు.

జవాబు (చంద్రపూర్): బావగారు మర్యాదస్తులు! చల్లని విస్కీలో చక్కెర సరిగా కరగదండీ. ముందు గ్లాసులో ఒక టీచెంచాడు చక్కెర, చెంచాడు నీళ్లు, సీసా వంచి రెండు మూడు సార్లు విదిలించినంత బిట్టర్స్ (మూలికలు, తొక్కలు మద్యంలో నానబెట్టి తీసిన చేదు సారం) వేసి పూర్తిగా కరిగించండి. తర్వాతే 60 మి.లీ. విస్కీ, ఆపైన ఐసు. పొడవాటి చెంచాతో అర నిమిషం నెమ్మదిగా తిప్పండి. ఊపడం పండ్లరసం, పాలు, గుడ్డు ఉన్నవాటికి. విస్కీని ఊపితే గాలి బుడగలు, ఐసు పలుకులు చేరతాయి, మీకు కనిపించిన మసక అదే.

కొంచెం నీరు చేరడం మాత్రం తప్పు కాదు. 1806లోనే ఒక అమెరికా పత్రిక కాక్‌టెయిల్ అంటే మద్యం, చక్కెర, నీళ్లు, బిట్టర్స్ అని రాసింది. మన మే నెల ఎండల్లో ట్రేలోని చిన్న ఐసు ముక్కలు నిమిషాల్లో కరిగిపోతాయి. చిన్న స్టీలు గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, ఆ ఒక్క గడ్డే వేయండి.

చివర సంత్రా తొక్క. నాగ్‌పూర్ సంత్రా తొక్క వదులుగా ఉంటుంది, పీలర్ జారిపోతుంది. కాయను ఫ్రిజ్‌లో ఉంచి చాకుతో పలచగా కోయండి, లోపలి తెల్లపొర చేదు. రంగు వైపును గ్లాసు మీదికి తిప్పి నులిమితే నూనె తుంపరలుగా పడుతుంది. సగం రుచి ఆ వాసనలోనే ఉంది.

ప్రశ్న: బిట్టర్స్ దొరకలేదు. నేలవేము కషాయం వేయవచ్చా?

జవాబు: వద్దు మహానుభావా, అది జ్వరానికి! దాల్చినచెక్క, రెండు లవంగాలు, ఎండు సంత్రా తొక్క కొంచెం విస్కీలో వారం నానబెట్టి వడకట్టండి. అచ్చం బిట్టర్స్ కాదు, సువాసన మాత్రం వస్తుంది.

మరొకరు (సిరొంచ): అన్నయ్యా, ఆ సీసా ఇటు తేకండి. మా గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం. మీ చంద్రపూర్‌లో 2015లో పెట్టింది 2021లో ఎత్తేశారు, మాకు అలాగే ఉంది.

ప్రశ్నించినవారు: చక్కెర ముందే కరిగించి చూశాను, అడుగున ఏమీ మిగలలేదు. తీపి ఇంకా ఎక్కువే అనిపించింది, రేపు అర చెంచాతో చూస్తాను.