స్క్రీన్‌షాట్‌కి విడిగా సాఫ్ట్‌వేర్ కావాలా, కీబోర్డు చాలదేటి?

నరసన్నపేట నెట్ సెంటర్:
అందరికీ నమస్కారం. మా బావకీ నాకూ పది రోజులుగా ఒకటే గొడవ, మీరే తేల్చాల. మాకు చిన్న నెట్ సెంటర్ ఉంది, రెండు సిస్టమ్‌లు, ఒకటి విండోస్ 10, ఇంకోటి ముసల్ది, విండోస్ 7. పొద్దున్నుంచి ఇదే పని: అప్లికేషన్ పెట్టడం, ఫీజు కట్టడం, రసీదు స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపడం. మొన్న ఏటయ్యిందంటే ఒక గుంటకి ఎంట్రన్స్ ఫీజు కట్టాను, అప్లికేషన్ నంబరు వచ్చింది, ప్రింట్ స్క్రీన్ నొక్కీసాను, ఇంతలో ఇంకొకాయన కరెంటు బిల్లు అని తొందరపెడితే అదీ కట్టీసి మళ్ళీ ప్రింట్ స్క్రీన్ నొక్కీసాను, ఆ తర్వాత తీరిగ్గా పెయింట్ తెరిచి కంట్రోల్ వి కొడితే ఎన్నిసార్లు కొట్టినా కరెంటు బిల్లే! గుంట నంబరు గాల్లో కలిసిపోయింది. వెనక్కి వెళ్తే లాగౌట్ అయిపోనాది. సాయంత్రం వాళ్ళ నాన్న వచ్చి డబ్బు కట్ అయిన మెసేజ్ చూపిస్తా నిలబడితే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. బావేమో "అందుకే ఏదో టూల్ వేసీ అన్నాను" అంటాడు. ఉన్నదే సరిగ్గా వాడితే చాలని నా వాదన.

బొబ్బిలి వీణ:
మీ బావే రైటండి. నేను వైజాగ్‌లో టెస్టింగ్ పని చేస్తాను, రోజుకి నలభై యాభై షాట్లు తీస్తాను. షేర్‌ఎక్స్ అనే స్క్రీన్‌షాట్ టూల్ వేసుకోండి, ఉచితం, కోడ్ కూడా ఎవరైనా చూసేలా బయటే ఉంటుంది. తీసిన ప్రతిదీ తారీఖుతో పేరు పెట్టి ఫోల్డర్‌లో పడేస్తుంది, బాణాలు గీయొచ్చు, కిందకి స్క్రోల్ అయ్యే పేజీ మొత్తం ఒకే బొమ్మగా తీస్తుంది. విండోస్‌తో వచ్చే స్నిప్పింగ్ టూల్‌కి ఈ స్క్రోల్ పని చాతకాదు.

గంటస్తంభం కుర్రోడు:
రోజుకి యాభై తీసే మీ లెక్క వేరు, ఆయన లెక్క వేరు. ప్రింట్ స్క్రీన్ ఒక్కటే నొక్కితే బొమ్మ క్లిప్‌బోర్డులోకే, అంటే కాపీ చేసింది తాత్కాలికంగా ఉండే చోటికే వెళ్తాది, రెండోది తీస్తే మొదటిది పోతాది, అది మీ తప్పూ కాదు కంప్యూటర్ తప్పూ కాదు. విండోస్ కీ పట్టుకుని ప్రింట్ స్క్రీన్ నొక్కండి, స్క్రీన్ ఒకసారి మసకేసి వెలుగుతాది, పిక్చర్స్‌లో స్క్రీన్‌షాట్స్ ఫోల్డర్‌లో ఫైల్ పడిపోతాది. విండోస్ 8 నుంచీ ఉంది ఈ సదుపాయం. ఒక్క విండో మాత్రమే కావాలంటే ఆల్ట్ ప్రింట్ స్క్రీన్, కానీ అది మళ్ళీ క్లిప్‌బోర్డే. ముక్క కావాలంటే విండోస్, షిఫ్ట్, ఎస్. దీనికి సాఫ్ట్‌వేర్ ఎందుకండీ బాబూ.

పలాస జీడిపప్పు:
ఫోన్‌తో ఫొటో తీసీ పంపీవయ్యా, ఇంత చర్చా!

గంటస్తంభం కుర్రోడు:
ఆ ఫొటోల్లో స్క్రీన్ మీద ఇంద్రధనస్సు గీతలు, మధ్యలో తీసినోడి తలకాయ నీడ, పైన ట్యూబ్‌లైటు. 8 అంకె 3లా కనిపించి అప్లికేషన్ నంబరు తప్పు కొడితే ఎవడిది పూచీ?

రాజాం మాస్టారు:
నేనొక మాట అంటాను, ఇద్దరికీ నచ్చకపోవచ్చు. రసీదుకి అసలు స్క్రీన్‌షాటే తప్పు. కంట్రోల్ పి నొక్కి, ప్రింటర్ చోట పీడీఎఫ్‌గా సేవ్ ఎంచుకోండి. నంబరు అక్షరాలుగానే ఉంటుంది, కాపీ చేసుకోవచ్చు, వెతుక్కోవచ్చు. బొమ్మలో నంబరు చూసి చేత్తో కొట్టడం ఎందుకు?

నరసన్నపేట నెట్ సెంటర్:
మాస్టారూ అదీ చేసి చూసాను, కొన్ని సైట్లు ప్రింట్ కొడితే తెల్ల కాగితమే ఇస్తాయి, ఇంకొన్నిట్లో సగం రసీదు రెండో పేజీకి జారిపోతాది.

రాజాం మాస్టారు:
అలాంటప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్ కొట్టి పేజీ మొత్తం తీయండి. ఎడ్జ్‌లోనూ అవే కీలు. వీణగారు చెప్పిన స్క్రోల్ పని బ్రౌజరే చేసిపెడుతుంది, కొత్తగా ఏమీ వెయ్యక్కర్లేదు.

బొబ్బిలి వీణ:
వెబ్ పేజీకి సరే మాస్టారూ, మిగతా ప్రోగ్రాములకి? అయినా నేను టూల్ అంటున్నది అందం కోసం కాదు. ఆయన మర్చిపోయినా ఫైల్ తనంతట తాను సేవ్ అవుతుంది, ఆ గుంట విషయంలో జరిగింది ఇంక జరగదు. కౌంటర్ ముందు నలుగురు నిలబడి ఉంటే ఏ కీ ఎక్కడికి పంపుతుందో గుర్తుంటుందా మనిషికి?

గంటస్తంభం కుర్రోడు:
ఈ మాట ఒప్పుకుంటాను. మరి ఆయన తీసేవి ఏటి? ఆధార్‌లు, బ్యాంకు పాస్‌బుక్‌లు. ఇలాంటి టూల్స్‌లో తీసిన బొమ్మని నెట్‌లోకి ఎక్కించి లింకు ఇచ్చే సెట్టింగ్ ఉంటాది, చూసుకోకుండా నెక్స్ట్ నెక్స్ట్ కొట్టీసి వేసుకుంటే జనం ఆధార్ ఎవడి సర్వర్‌లో పడతాదో. వేస్తే ముందు ఆ టిక్ తీసీండి.

బొబ్బిలి వీణ:
టిక్ తియ్యాలి, నిజమే. కానీ విండోస్‌ది మాత్రం పతివ్రతేం కాదు. 2023లో విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లో, విండోస్ 10 స్నిప్ అండ్ స్కెచ్‌లో ఏం బయటపడిందో చూడండి: బొమ్మ క్రాప్ చేసి అదే ఫైల్ మీద సేవ్ చేస్తే, కోసేసిన భాగం డేటా ఫైల్ చివర అలాగే ఉండిపోయేది, తెలిసినవాడు వెనక్కి తీయగలిగేవాడు. ఆ మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు లెండి.

రాజాం మాస్టారు:
ఆధార్ నంబరు దాచడానికి కొందరు మొబైల్‌లో హైలైటర్‌తో నల్లగా రుద్దుతారు, బ్రైట్‌నెస్ పెంచితే అంకెలు కనిపించేస్తాయి. మసక చెయ్యడం కూడా నమ్మదగ్గది కాదు. నిండు నల్లరంగు డబ్బా పెట్టండి, లేదా చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోండి.

పలాస జీడిపప్పు:
ఇంతకీ ఆ గుంట నంబరు దొరికిందా లేదా అది చెప్పండి ముందు.

నరసన్నపేట నెట్ సెంటర్:
దొరికింది, హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే పుట్టిన తేదీ, మొబైల్ నంబరు అడిగి చెప్పారు, నలభై నిమిషాలు పట్టింది.

గంటస్తంభం కుర్రోడు:
ఇది ముందే చెప్పుండాల్సింది: విండోస్ 10లో విండోస్ కీ, వి నొక్కి క్లిప్‌బోర్డు హిస్టరీ ఆన్ చేసుకుంటే కాపీ చేసినవి 25 వరకూ గుర్తుంటాయి, మీ గుంట రసీదు అందులో ఉండేది. కానీ మీ సెంటర్‌లో కస్టమర్లు కూడా కుర్చీలో కూర్చుంటే ఆన్ చెయ్యొద్దు, ఒకళ్ళ కాగితాలు ఇంకొకళ్ళకి కనిపిస్తాయి. ఇంక ఆ విండోస్ 7 మీద డబ్బులు కట్టడం మానీండి బాబూ, 2020 జనవరితో దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి. స్క్రీన్‌షాట్ కన్నా పెద్ద తలనొప్పి అదే.

నరసన్నపేట నెట్ సెంటర్:
సరే, నేను చేసింది చెప్తాను. విండోస్ 10 దాంట్లో విండోస్ ప్రింట్ స్క్రీన్ అలవాటు చేసుకున్నాను, స్క్రీన్‌షాట్స్ ఫోల్డర్‌కి డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ పెట్టీసాను, రాత్రి షాపు మూసే ముందు ఖాళీ చేస్తన్నాను. ప్రింట్ బాగా వచ్చే సైట్లకి మాస్టారి పీడీఎఫ్. ముసలి సిస్టమ్ టైపింగ్‌కే. వీణగారి టూల్ మాత్రం బావ ఇంటికాడ తన లాప్‌టాప్‌లో వేసీసాడు, వద్దంటే వినడు కదా. నిన్న రాత్రి ఆ అప్‌లోడ్ టిక్ ఎక్కడుందో తెలీక, సెట్టింగ్ పేజీని ఫోన్‌తో ఫొటో తీసి నాకు పంపాడు, గీతలే తప్ప ఒక్క ముక్క కనపడ్లేదు. వీణగారూ, ఆ టిక్ ఏ మెనూలో ఉంటాదో కాస్త చెప్పండి.